సర్వరు మార్చేటప్పుడు పాలసీ నమూనాలు: ఏ డొమైనుకు ఆ బీరువా

ఈ మధ్య జిల్లా యూనియన్ల పాలకవర్గ సమావేశాల అజెండాలో సర్వరు మార్పిడి అనే అంశము తరచుగా కనబడుతున్నది. ఇందుకు కారణం లేకపోలేదు. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇచ్చిన పొడిగింపు మద్దతు 2023 అక్టోబరు 10తో ముగిసింది. విండోస్ సర్వర్ 2016కు 2027 జనవరి 12 గడువు. గడువు దాటిన సర్వరుకు భద్రతా సవరణలు ఉచితంగా రావు. కనుక పాతది దించి కొత్తది ఎక్కించక తప్పదు. ఖర్చు పెట్టేది యూనియనే అయినా ఆ డబ్బు పాలు పోసే సభ్యులది. కాబట్టి మహాజన సభలో ఎవరో ఒకరు లేచి, "సర్వరు మారిస్తే మా పదిహేను రోజుల బిల్లు ఆగుతుందా?" అని అడగడం సహజము. అడగవలసిన ప్రశ్నే.

కొటేషన్లలో యంత్రం ధర, వారంటీ, బ్యాకప్పు ఏర్పాటు వివరంగానే రాస్తారు. గ్రూప్ పాలసీ నమూనాల గురించి మాత్రము ఒక్క వాక్యమైనా ఉండదు. తనిఖీలలో నేను చూసిన కాగితాలలో చాలా వాటికి ఇదే కొరత. చూడబోతే ఇది చిన్న పని. ఖర్చు లేదు, కొత్త సామాను అక్కరలేదు. అయితే దీనిని సరిగా అర్థం చేసుకోకపోవడం వలన కార్యాలయములో సజావుగా నడుస్తున్న ఉత్తర్వులను చేతులారా తుడిచి వేసుకొనే ప్రమాదము ఉన్నది. అందుచేత సంఘ అధ్యక్షులు, కార్యదర్శులు, యూనియను డైరెక్టర్లు ఈ సంగతి కొంత తెలుసుకొని ఉండుట మంచిది.

మొదట డొమైను అనగా ఏమిటో చూద్దాము. ఒక కార్యాలయానికి చెందిన కంప్యూటర్లను, వాటిని వాడే సిబ్బందిని ఒకే జాబితాలో చేర్చి, ఒకే అధికారము కింద ఉంచే ఏర్పాటును డొమైను అంటారు. సంఘానికి సభ్యత్వ రిజిస్టరు ఎలాగో ఇది అలాగ. ఈ రిజిస్టరును దగ్గర ఉంచుకొనే సర్వరును డొమైన్ కంట్రోలరు అంటారు. ఇటువంటి డొమైనులు కొన్ని ఒకే కట్టులో ఉంటే దానికి ఫారెస్టు అని పేరు. గ్రామ సంఘము, జిల్లా యూనియను, రాష్ట్ర ఫెడరేషను అనే మూడంచెలు మనకు కొత్త కాదు గనుక ఈ ఏర్పాటు అర్థం కావడం కష్టము కాదు. ఉదాహరణకు ఒక ఫెడరేషను కార్యాలయానికి ఒక డొమైను, దాని కింద రెండు యూనియన్లకు రెండు డొమైనులు ఉన్నాయనుకొందాము. మొత్తము మూడు. గ్రామ కేంద్రములో పాలు తూచి వెన్న శాతము చూసే యంత్రము సాధారణంగా ఈ డొమైనులో ఉండదు. కాని అక్కడి లెక్క శీతల కేంద్రానికీ, యూనియను అకౌంట్సు విభాగానికీ చేరిన తరువాతనే బిల్లు తయారవుతుంది. ఆ చివరి కంప్యూటర్లు డొమైనులో ఉన్నాయా, వాటి మీద ఏ ఉత్తర్వులు నడుస్తున్నాయి అన్నది మన డబ్బుకు సంబంధించిన విషయమే.

ఆ ఉత్తర్వులనే గ్రూప్ పాలసీ అంటారు. ఇవి 2000 సంవత్సరములో విండోస్ 2000 సర్వరుతో పాటు వచ్చినవి. బయటి పెన్ డ్రైవు పెట్టరాదు, పది నిమిషాలు ముట్టుకోకపోతే తెర మూతపడవలెను, కంప్యూటరు ఫలానా వేళలో తనంతట తాను ఆగి మొదలు కాకూడదు వంటి ఆజ్ఞలు ఒక చోట రాసి పెడితే అన్ని కంప్యూటర్లూ వాటిని అమలు చేస్తాయి. మామూలు కంప్యూటరు 90 నిమిషాలకు ఒకసారి, దానిపై అరగంట వరకు అటూ ఇటూగా, కొత్త ఆజ్ఞలేమైనా ఉన్నాయా అని అడుగుతుంది. డొమైన్ కంట్రోలరు 5 నిమిషాలకు ఒకసారి చూసుకొంటుంది.

ఇక నమూనా వేరు, ఆజ్ఞ వేరు. అసలు చిక్కంతా ఇక్కడనే. మీ పాసు పుస్తకము తీసి చూడండి. ఒక వరుసలో 6.5 అనీ, దాని పక్కన 8.5 అనీ ఉంటుంది. పైన గడి తలమీద వెన్న శాతము, ఎస్.ఎన్.ఎఫ్. అని అచ్చు వేసి ఉన్నది గనుక ఏది ఏదో మనకు తెలుస్తున్నది. ఆ పై ముక్క చిరిగిపోతే ఏమవుతుంది? అంకెలు పోవు. వాటి ప్రకారము కట్టిన బిల్లూ మారదు. కాని చూసేవానికి ఆ అంకె దేనిదో తెలియదు. గ్రూప్ పాలసీలో నమూనా అనేది ఆ అచ్చు వేసిన తల మాత్రమే. ఏ ఆజ్ఞకు ఏ పేరు, దాని వివరణ ఏమిటి, ఏ ఏ విలువలు నింపవచ్చు, ఏ విండోస్ దానిని అర్థం చేసుకొంటుంది అన్నవి అందులో ఉంటాయి. నింపిన విలువలు మాత్రము రిజిస్ట్రీ డాట్ పాల్ అనే వేరే ఫైలులో, ఆ ఉత్తర్వుకు చెందిన సంచిలో ఉంటాయి. కంప్యూటర్లు అమలు చేసేది ఈ రెండవ ఫైలును. అవి నమూనాను చూడనే చూడవు. నమూనాను చదివేది ఉత్తర్వును తయారు చేసే అధికారి కూర్చున్న చోట ఎడిటరు మాత్రమే.

ఇది మనసులో పెట్టుకొంటే సగము భయము తీరుతుంది. నమూనాలు మార్చినంత మాత్రాన ఏ కంప్యూటరూ ఆగదు, ఏ బిల్లూ నిలవదు. పట్టపగలు కార్యాలయము నడుస్తుండగా కూడా ఆ పని చేయవచ్చును. "పాలసీ నమూనాలు మారుస్తున్నాము, రెండు రోజులు బిల్లులు ఉండవు" అని ఎవరైనా చెబితే అది సాకు మాత్రమే. సర్వరునే మార్చడము వేరు సంగతి. దానికి సాయంత్రపు సేకరణ లెక్కలు చేరిన తరువాత, బిల్లు తయారయ్యే రోజులు కానప్పుడు వేళ చూసుకోవలెను.

నమూనాలు రెండు రకాల ఫైళ్లుగా ఉంటాయి. ఏడీఎంఎక్స్ అనేది ఆజ్ఞల పట్టిక. ఏడీఎంఎల్ అనేది ఆ ఆజ్ఞల పేర్లు, వివరణలు ఒక భాషలో రాసిన ఫైలు. అమెరికా ఇంగ్లీషుకు ఈఎన్-యూఎస్ అనే ఉపసంచి ఉంటుంది. ఈ పద్ధతి విండోస్ విస్టా, సర్వర్ 2008 కాలము నుండి వచ్చినది. అంతకు ముందు ఏడీఎం అనే పాత ఫైళ్లు ఉండేవి. ప్రతి ఉత్తర్వు సంచిలోనూ వాటి ప్రతి ఒకటి పడేది, ఒక్కొక్క దానికి సుమారు 4 ఎం.బి. వంద ఉత్తర్వులుంటే 400 ఎం.బి. ఒకే కాగితము వంద నకళ్లు అన్నమాట. చాలా పాత డొమైనులలో ఆ బరువు ఇప్పటికీ మోస్తూనే ఉండవచ్చును.

ఏడీఎంఎక్స్ వచ్చిన తరువాత ఈ నకళ్ల బెడద పోయింది. ప్రతి విండోస్ యంత్రములోనూ సి డ్రైవులో, విండోస్ సంచిలో పాలసీ డెఫినిషన్స్ అనే సంచి ఉంటుంది. నమూనాలు అందులో ఉంటాయి. అధికారి ఏ యంత్రము ముందు కూర్చుంటే ఆ యంత్రములోని నమూనాలే కనబడితే, ఒకరికి ఒక జాబితా, ఇంకొకరికి మరొక జాబితా అవుతుంది. అందుకని డొమైనుకంతటికీ ఉమ్మడిగా ఒక బీరువా పెట్టుకొనే వీలు ఇచ్చారు. దీనిని సెంట్రల్ స్టోరు అంటారు. డొమైన్ కంట్రోలరులోని సిస్‌వాల్ అనే పంపిణీ సంచిలో, పాలసీస్ అనే దాని కింద పాలసీ డెఫినిషన్స్ అనే పేరుతో ఒక సంచి తయారు చేస్తే అదే ఆ బీరువా. ఇది తనంతట తాను పుట్టదు. ఎవరో ఒకరు చేతితో పెట్టవలసినదే. ఒకసారి పెట్టిన తరువాత ఎడిటరు అక్కడికే వెళ్లి చూస్తుంది, తన యంత్రములోని నమూనాలను పక్కన పెడుతుంది.

సర్వరు మార్పిడిలో పొరబాటు జరిగే చోటు ఇదే. కొత్త సర్వరు పెట్టెలో కొత్త నమూనాలు ఉంటాయి. కాని బీరువాలో పాతవే ఉంటాయి. సర్వరు మారినంత మాత్రాన బీరువాలోని కాగితాలు మారవు. అధికారి కొత్త సర్వరు ముందు కూర్చొని ఎడిటరు తెరిస్తే పదేళ్ల నాటి పట్టికే కనబడుతుంది. "కొత్త సర్వరు కొన్నాము కదా, కొత్త సదుపాయాలేవీ?" అని విసుక్కొంటాడు. అమ్మినవాని మీద కోపగించుకొన్నవారిని కూడా చూశాను. పాపము, అందులో అతని తప్పు లేదు.

రెండవ సంగతి మరింత ముఖ్యము. సిస్‌వాల్ సంచి ఒక డొమైనులోని కంట్రోలర్లన్నిటికీ నకలు అవుతుంది గాని, ఒక డొమైను నుండి మరొక డొమైనుకు పోదు. పై ఉదాహరణలో ఫెడరేషను డొమైనులో కొత్త నమూనాలు పెడితే, రెండు యూనియన్ల డొమైనులలో ఒక్క కాగితము కూడా కదలదు. ఫారెస్టు మొత్తానికి ఒకే బీరువా అనే ఏర్పాటు లేదు. ఫెడరేషను నుండి నమూనా బైలాలు వచ్చినా ఏ సంఘము మహాజన సభలో ఆ సంఘము ఆమోదించుకొంటేనే గదా అక్కడ చెల్లేది? ఇక్కడా అంతే. మూడు డొమైనులుంటే మూడు బీరువాలు, మూడు సార్లు పని.

ఒక యూనియనులో జరిగినది చెబుతాను. పేరు అనవసరము. అక్కడ రెండు డొమైనులు, ఒకటి కార్యాలయానికి, ఒకటి డెయిరీ ప్లాంటుకు. మార్పిడి చేసిన కుర్రవాడు కార్యాలయపు డొమైనులో నమూనాలు తాజా చేసి, ప్లాంటు డొమైనును వదిలేశాడు. పైగా అక్కడి పాత బీరువాను కొత్తగా సర్దే ఉద్దేశముతో సగము ఖాళీ చేశాడు. తరువాత ఉత్తర్వుల నివేదిక తీస్తే కొన్ని ఆజ్ఞలకు పేర్లు లేవు. వాటి స్థానములో "ఎక్స్‌ట్రా రిజిస్ట్రీ సెట్టింగ్స్" అని ఒక శీర్షిక, దాని కింద అర్థముకాని వరుసలు. ఇవేవో పాత చెత్త అనుకొని ఆ ఉత్తర్వులనే తీసివేశారు. రెండు గంటలు తిరిగేలోగా ప్లాంటులో పెన్ డ్రైవు నిషేధము పోయింది, తెర మూతపడటము పోయింది. ఆ మధ్యలో వైరసు ఏదీ రాలేదు గనుక సరిపోయింది. ఉత్తర్వులకు విడిగా బ్యాకప్పు లేకపోవడంతో ఒక్కొక్కటీ జ్ఞాపకము మీద మళ్లీ రాసుకొన్నారు. వారము పట్టింది. ఆ శీర్షిక కనబడితే దాని అర్థము గడి తల చిరిగిందనే గాని, అంకె తప్పని కాదు. ముందు నమూనా ఎక్కడ పోయిందో వెతకవలెను. సరియైన నమూనా బీరువాలో పెట్టగానే పేర్లు తిరిగి కనబడతాయి.

ఇప్పుడు పని వరుస. సర్వరు మార్చక ముందే ప్రతి డొమైనులోనూ సిస్‌వాల్ ఏ పద్ధతిలో నకలవుతున్నదో చూడవలెను. 2000, 2003 నాటి సర్వర్లతో మొదలైన డొమైనులలో ఎఫ్‌ఆర్‌ఎస్ అనే పాత పద్ధతి ఉండేది. సర్వర్ 2008 నుండి డీఎఫ్‌ఎస్‌ఆర్ అనే కొత్త పద్ధతి వచ్చింది. మధ్యలో సర్వర్లు మార్చినా ఈ పద్ధతి దానంతట అది మారదు. విండోస్ సర్వర్ 2019 వచ్చేసరికి పాత పద్ధతిని ఒప్పుకోవడము మానేశారు. పాత పద్ధతి మీద ఉన్న డొమైనులో 2019 గాని ఆ తరువాతి సర్వరు గాని డొమైన్ కంట్రోలరుగా చేరదు. మార్చడానికి డీఎఫ్‌ఎస్‌ఆర్‌మిగ్ అనే ఆజ్ఞ ఉన్నది. అది 0 నుండి 3 వరకు నాలుగు స్థితులు దాటుతుంది. 2వ స్థితి వరకు వెనుకకు రావచ్చును, 3కు చేరితే రాలేము. కనుక ఒక్కొక్క మెట్టు దగ్గరా అన్ని కంట్రోలర్లూ చేరినవని నిర్ధారించుకొన్న తరువాతనే తరువాతి మెట్టు ఎక్కవలెను. ఇదీ ఏ డొమైనుకు ఆ డొమైనే. 2024 నవంబరులో విడుదలైన సర్వర్ 2025 పెట్టదలచినవారు మరొకటి చూసుకోవలెను. ఫారెస్టు, డొమైను రెండింటి పని స్థాయి కనీసము 2016 ఉంటేనే దానిని చేర్చుకొంటారు.

ఆ తరువాత బ్యాకప్పు. ఉత్తర్వుల బ్యాకప్పు తీసే సాధనము నమూనాల బీరువాను తీయదు. ఈ ఒక్క మాట తెలియక చాలామంది రెండూ భద్రముగా ఉన్నాయనుకొంటారు. ఉత్తర్వుల బ్యాకప్పు వేరుగా, పాలసీ డెఫినిషన్స్ సంచి నకలు వేరుగా, ప్రతి డొమైనుకూ తీసి ఉంచవలెను. ఉత్తర్వులన్నిటికీ నివేదికలు కూడా తీసి పెట్టుకొంటే పని అయిన తరువాత పోల్చి చూడవచ్చును.

నమూనాలు ఎక్కించడానికి నేను మెచ్చే పద్ధతి ఒకటున్నది, మైక్రోసాఫ్ట్ కూడా ఇదే చెబుతుంది. పాత సంచి మీద కొత్త ఫైళ్లు కుమ్మరించవద్దు. బీరువా పక్కనే విడుదల సంఖ్య పేరుతో మరొక సంచి పెట్టి, కొత్త నమూనాలు అందులో వేయవలెను. యూనియను విడిగా తెచ్చుకొన్న నమూనాలు, అనగా ఆఫీస్, క్రోమ్ వంటి వాటివి, పాత సంచి నుండి ఏరి ఇందులో కలపవలెను. ఇవి విండోస్ నమూనాలతో రావు గనుక మరిచిపోతే వాటి పేర్లు మాయమవుతాయి. ఈ సంచి డొమైనులోని అన్ని కంట్రోలర్లకూ చేరిందాకా ఆగి, పాత సంచికి పాత అని పేరు మార్చి, కొత్తదానికి పాలసీ డెఫినిషన్స్ అని పేరు పెడితే క్షణములో పని అయిపోతుంది. తేడా వస్తే పేర్లు తిరగేస్తే చాలు. ఫెడరేషను స్థాయిలో ఒకే మూల ప్రతి తయారు చేసి, అన్ని డొమైనులకూ దాని నుండే నకలు చేయడము ఉత్తమము. ఎవరికి వారు ఇంటర్నెట్టులో దించుకొంటే మూడు చోట్ల మూడు రకాలవుతాయి.

కుమ్మరిస్తే ఏమి నష్టమని అడగవచ్చును. విండోస్ 10 వచ్చినప్పుడు లొకేషన్ ప్రొవైడర్ ఏడీఎం అనే నమూనాకు పేరు మార్చి మరొక పొడుగాటి పేరు పెట్టారు. లోపలి గుర్తు మాత్రము అదే. పాత సంచి మీదనే కొత్తవి వేసినవారికి రెండు పేర్లతో ఒకే నమూనా రెండుసార్లు పడింది. ఎడిటరు తెరవగానే ఈ గుర్తు ఇంతకు ముందే మరొక ఫైలుకు ఉన్నదని మొరపెట్టుకొంది. ఒకే సభ్యత్వ సంఖ్య ఇద్దరికి రాసినట్లు. పాత జత ఫైళ్లు తీసివేస్తే ఆ ఫిర్యాదు పోతుంది. అలాగే ఏడీఎంఎక్స్ కొత్తది వేసి ఏడీఎంఎల్ పాతది ఉంచితే ఫలానా మాట దొరకలేదని తప్పు చూపుతుంది. జతగా వేయవలెను.

పాత కంప్యూటర్లు ఇంకా ఉన్న చోట కొత్త నమూనాలు పెట్టవచ్చునా అని ఒక కార్యదర్శి అడిగారు. పెట్టవచ్చును. ప్రతి ఆజ్ఞ కింద అది ఏ విండోస్‌లో పని చేస్తుందో రాసి ఉంటుంది. తనకు తెలియని ఆజ్ఞను పాత కంప్యూటరు పట్టించుకోదు, అంతే. అయితే కొత్త విడుదలలలో కొన్ని పాత ఆజ్ఞలను పట్టిక నుండి తీసివేస్తుంటారు. మీరు ఇంతకు ముందు అలాంటి దానిని నింపి ఉంటే అది నడుస్తూనే ఉంటుంది గాని ఎడిటరులో మార్చడానికి దొరకదు. మార్చదలచితే పాత సంచి అవసరమవుతుంది. దానిని వెంటనే పారవేయవద్దనడానికి ఇదొక కారణము.

ఇంత శ్రమ దేనికంటే ఒక్క ఉదాహరణ చాలు. 2016లో విండోస్ 10, 1607 విడుదలతో పని గంటలు అనే ఏర్పాటు వచ్చింది. ఆ గంటలలో సవరణల కోసము కంప్యూటరు తనంతట తాను ఆగి మొదలు కాదు. మొదట 12 గంటల వరకే పెట్టనిచ్చేవారు, 2017లో 1703 విడుదలతో 18 గంటల వరకు పెంచారు. 12 గంటలు కార్యాలయపు గుమాస్తాకు సరిపోవచ్చును గాని మనకు చాలవు. ఉదయము 5 గంటలకు సేకరణ మొదలై, సాయంత్రపు పూట లెక్క ముగిసేసరికి రాత్రి 9 అవుతుంది. అది 16 గంటలు. 18 లోపలే గనుక ఉదయము 5 నుండి రాత్రి 9 వరకు పెడితే రెండు పూటలా శీతల కేంద్రము కంప్యూటరు నడుమ ఆగదు. ఆ ఏర్పాటుకు సంబంధించిన గడి 2012 ఆర్2 నాటి నమూనాలలో లేదు. బీరువా తాజా చేయని యూనియనులో అధికారి వెతికినా దొరకదు. ట్యాంకరు వచ్చి నిలబడిన వేళ కంప్యూటరు తనను తాను సవరించుకొంటూ కూర్చుంటే, తూకం చీటీ కోసము డ్రైవరు, కెమిస్టు ముఖాముఖాలు చూసుకోవలసిందే. ఎండాకాలములో ఆ అరగంట పాలకు ఎంత నష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

కొత్త ఆజ్ఞ ఏదైనా ఒకేసారి అన్ని కంప్యూటర్ల మీద వేయవద్దు. రెండు కంప్యూటర్లను విడిగా ఒక సంచిలో ఉంచి, రెండు పూటల సేకరణ, ఒక బిల్లు వాటి మీద గడిచిన తరువాత మిగతా వాటికి విస్తరించవలెను.

డైరెక్టర్లు కొటేషను మీద సంతకము చేయక ముందు ఈ పనిని అందులో రాయించుకోవలెను. ఎన్ని డొమైనులు, ప్రతి దానిలో సిస్‌వాల్ ఏ పద్ధతి, నమూనాల బ్యాకప్పు ఎవరు తీస్తారు, ఎక్కడ ఉంచుతారు, పని తరువాత నివేదికలు ఎవరు పోలుస్తారు అన్నవి కాగితము మీద ఉండవలెను. ఫెడరేషను ఇంజనీరుకు ఫారెస్టు మొత్తము మీద అధికారము ఉండవచ్చును. అయినా యూనియను డొమైనులో చేయి పెట్టే ముందు యూనియను అనుమతి తీసుకోవడము పద్ధతి. కార్యాలయములో స్టాకు రిజిస్టరు ఉన్నట్లే దీనికీ ఒక రిజిస్టరు తెరవండి. తేదీ, డొమైను పేరు, ఏ విడుదల నమూనాలు, ఎవరు వేశారు, పాత సంచి ఏ పేరుతో ఉన్నది అన్న అయిదు గడులు చాలును. పాత సంచిని కనీసము తరువాతి వార్షిక తనిఖీ వరకు ఉంచి, అప్పుడు ఉత్తర్వుల నివేదికలలో పేరు లేని వరుసలు ఏవీ మిగలలేదని చూసుకొన్న తరువాత తీసివేయవచ్చును.